మోచేతి నొప్పి నెలలు దాటితే: జెల్లా, మాత్రా, ఇంజెక్షనా?

"అన్నా, టెన్నిస్ ఎల్బో అన్నారు, ఐదు నెలలైంది, ఏ మాత్ర మంచిది?" ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నోణ్ణి. కానీ ఇదే మోచెయ్యి నన్ను ఎనిమిది నెలలు ఏడిపించింది, అందుకే కూర్చుని చదివాను.

మౌస్ పట్టినా, కుక్కర్ మూత తీసినా మోచేతి బయటివైపు లాగుతుంది చూడండి, అక్కడుండేది టెండన్. కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటిది. నెలలు గడిచాక అక్కడ వాపు కన్నా, ఆ తాడు పీచులు చెదిరిపోవడమే అసలు సమస్య. అందుకే డాక్టర్లు ఇప్పుడు టెండినైటిస్ అనకుండా టెండినోపతి అంటున్నారు. పేరు మారితే మనకేంటి? వాపు మాత్ర చెదిరిన పీచుని అతకదు. కొన్నాళ్ళు నొప్పి తగ్గిస్తుంది, అంతే.

అంతమాత్రం పనికైతే ముందు డైక్లోఫెనాక్ జెల్ చాలు. మోచేతి టెండన్ చర్మం కిందే ఉంటుంది, మందు అందుతుంది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ.

మాత్రే కావాలంటే డాక్టర్ మీ ఒంటిని చూసి ఎంచాలి. న్యాప్రోక్సెన్‌తో గుండెకి రిస్క్ కాస్త తక్కువ, కడుపుకి ఎక్కువ. ఎటోరికాక్సిబ్ కడుపుకి నయం, కానీ బీపీ పెంచుతుంది. డైక్లోఫెనాక్ మాత్ర గుండెజబ్బు ఉన్నవాళ్ళకి వద్దు. కిడ్నీకి మాత్రం ఏదీ చుట్టం కాదు.

నాకు అసలు భయం వేరే ఉంది. మీరు తెచ్చిన స్ట్రిప్ ఇంట్లో సొరుగులో పడుంటుంది. మోకాలు నొప్పని నాన్నగారు అందులోంచి ఒకటి వేసుకుంటారు. ఆయన అప్పటికే బీపీకి టెల్మిసార్టాన్, దాంతోపాటు నీరు తీసే మాత్ర వాడుతుంటే, ఈ మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీయొచ్చు. డెంగీ సీజన్‌లో జ్వరానికి వేసుకుంటే బ్లీడింగ్ ప్రమాదం. ఆ స్ట్రిప్ మీద మీ పేరు రాసి విడిగా పెట్టండి, ప్లీజ్.

ఇక స్టెరాయిడ్ ఇంజెక్షన్. వారంలో మ్యాజిక్‌లా ఉంటుంది, నిజమే. కానీ 2013లో జామా జర్నల్‌లో 165 మందితో ఆస్ట్రేలియా స్టడీ ఒకటి వచ్చింది. ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది ఎవరికంటే, ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళలో 54 శాతం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్ళలో 12 శాతానికి. రేపు మ్యాచ్ ఉందని వేయించుకునేవాళ్ళు ఇది వినాలి.

పీచుని గట్టిపరిచేది మెల్లగా పెంచుకుంటూ పోయే బరువే. మూడు నెలలు పడుతుంది, బోర్ కొడుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఆగకండి, అది మెడ నరం కావచ్చు, డాక్టర్‌కి చూపించండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫిజియో ఒకరు వచ్చి ఎక్సర్‌సైజ్ చేసి చూపిస్తారు. అర లీటర్ వాటర్ బాటిల్ ఒకటి పక్కన పెట్టుకోండి.