గొంతు విప్పిన సాయంత్రం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

చివరి వరసలో కూర్చున్న మా 1982 బ్యాచ్ వాళ్ళారా, మీరు అప్పుడూ వెనకే, ఇప్పుడూ వెనకే.

కమిటీ వారు ఫోన్ చేసి, "జీవితంలో మరచిపోలేని ఒక అనుభవం చెప్పండి, పది నిమిషాలు" అన్నారు. నా ముందు మాట్లాడినవారు పెద్ద పెద్ద విషయాలు చెప్పారు. ఆపరేషన్ థియేటర్ల గురించి విన్నాం, అమెరికా ఉద్యోగాల గురించి విన్నాం. నేను చెప్పేది ఒక పాటకచేరీ గురించి. వెనక నుంచి నవ్వులు వినబడుతున్నాయి. వీడికీ పాటకీ సంబంధం ఏమిటని. ఆ నవ్వు ఎందుకో తెలియనివారి కోసం ముందు ఆ సంగతి చెబుతాను.

1980 ఆగస్టు. నేను తొమ్మిదో తరగతి. పంద్రాగస్టుకి బృందగానం కోసం ముప్పై మందిని ఎంపిక చేశారు. అందులో నేనొకణ్ణి. నేర్పించేది మన సంగీతం మాస్టారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు చెప్పవలసి వస్తే ముందు చేతిలో ఉన్న వయొలిన్ పక్కన పెట్టి, అప్పుడు చెప్పేవారు. మూడో రోజు సాధనలో మాస్టారు హార్మోనియం ఆపి లేచారు. చెవి ఒగ్గుకుంటూ వరస వెంట నడిచి, సరిగ్గా నా దగ్గర ఆగారు. "నువ్వు పెదాలు కదుపు నాయనా. గొంతు విప్పకు" అన్నారు.

మిగిలిన ఇరవై తొమ్మిది మందీ నవ్వారు. పంద్రాగస్టు నాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని రెండో వరసలో నిలబడి పెదాలు కదిపాను. ప్రహరీ అవతల వేపచెట్టు కింద నిలబడి చూసిన మా అమ్మ, ఇంటికి వచ్చాక "బాగా పాడేవురా" అంది. ఆ మాట విన్నాక ఇక నేను పాడలేదు.

నిజంగానే పాడలేదు. రామనవమి పందిట్లో భజనలో తాళం వేసేవాణ్ణి, నోరు తెరిచేవాణ్ణి కాదు. పెళ్ళయింది, పాప పుట్టింది. ఉయ్యాల ఊపే పని నాది, పాడే పని మా ఆవిడది. ఎవరైనా అడిగితే "నాకు సంగీతం పడదండీ" అనేవాణ్ణి. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి.

2000లో నాకు ఢిల్లీ బదిలీ అయింది. పాప చదువు కోసం కుటుంబాన్ని విజయనగరంలోనే ఉంచి నేనొక్కణ్ణే వెళ్ళాను. పదో తరగతి హిందీలో నాకు మంచి మార్కులే వచ్చాయి. హిందీ మేస్టారికి నామీద చాలా నమ్మకం. కాని ఆ హిందీతో ప్రశ్నకు జవాబు రాయగలం గాని, ఢిల్లీలో కూరగాయల బండివాడితో బేరం ఆడలేమని వెళ్ళాక తెలిసింది. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ జోకులు వేసుకునేవారు. నేను వాళ్ళ ముఖాలు చూసి, అర నిమిషం ఆలస్యంగా నవ్వేవాణ్ణి. ఇక్కడ కూడా పెదాలు కదపడమే అయిందన్నమాట.

2001 ఫిబ్రవరిలో ఒక శనివారం, మా సెక్షన్‌లో పనిచేసే కేరళ అబ్బాయి, "గదిలో కూర్చుని ఏం చేస్తారు సార్, నాతో రండి" అని ఒక కాలేజీ ఉత్సవానికి లాక్కుపోయాడు. 'ఇండియన్ ఓషన్' అని ఒక బ్యాండు వస్తోందన్నాడు. నాకు తెలిసిన బ్యాండంటే మన పెళ్ళి ఊరేగింపుల్లో ఎర్రకోట్లు, క్లారినెట్లు, పెద్ద డప్పులు. సరే, చూద్దామని వెళ్ళాను.

మైదానం నిండా కుర్రాళ్ళు. చలి. వేదిక మీదకి నలుగురు వచ్చారు. గిటార్ పట్టుకుని సుస్మిత్ సేన్, బేస్ గిటార్‌తో పొడుగు జుట్టు రాహుల్ రామ్, డ్రమ్ముల వెనక అమిత్ కిలం. నాలుగో ఆయన అసీమ్ చక్రవర్తి, తబలా ముందు కూర్చున్నాడు. తబలా వాయించే ఆయనే పాడతాడని నేను అనుకోలేదు. పాడుతూ వాయిస్తున్నాడో, వాయిస్తూ పాడుతున్నాడో తెలియడం లేదు. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు తొందరపడకుండా, కళ్ళతోనే మాట్లాడుకుని, ఒక్కొక్కరూ వచ్చి కలుస్తున్నారు. సినిమా పాటలా మూడు చరణాల్లో అయిపోవడం లేదు. పాట ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగుతోంది.

పాటకీ పాటకీ మధ్య రాహుల్ రామ్ కబుర్లు చెబుతున్నాడు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు, నాకు సగం అందడం లేదు. మా కుర్రాడు చెవిలో చెబుతున్నాడు: ఆయన అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రంలో డాక్టరేట్ చేశాడట, తిరిగి వచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడట. తరవాత 'మా రేవా' పాడారు. రేవా అంటే నర్మదే. ఆ నది ఒడ్డు జనం పాడుకునే పాట అది.

అప్పుడు అమిత్ కిలం చేతిలో ఒక వాయిద్యం చూశాను. గబ్‌గుబీ అంటారట, బెంగాల్ బావుల్ గాయకుల వాయిద్యం. చర్మం బిగించిన చిన్న డొల్ల, ఆ చర్మానికి కట్టిన తీగ. ఒక చేత్తో తీగను బిగిస్తూ వదులుతూ రెండో చేత్తో మీటితే, మనిషి మూలిగినట్టు, నవ్వినట్టు పలుకుతుంది. అయ్యా, అది మన జముకు! అమ్మవారి పండగ రాత్రి మా తాతగారి ఒళ్ళో కూర్చుని నేను విన్న జముకులపాట వాయిద్యానికి అది సాక్షాత్తూ చుట్టం. మా ఊళ్ళో దాన్ని చదువురానివాళ్ళ వాయిద్యం అనేవారు. ఇక్కడ డ్రమ్ముల పక్కన, గిటార్ల మధ్య, వేల మంది కుర్రాళ్ళ ముందు సమానంగా కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ తరవాత 'కందిసా' మొదలుపెట్టారు. నెమ్మదిగా, గుళ్ళో దీపం వెలిగించినట్టుగా మొదలైంది. ఒక్క మాట అర్థం కాలేదు. నా హిందీ మరీ ఇంత పాడైపోయిందా అనుకుని మా కుర్రాడి వైపు చూశాను. "ఇది హిందీ కాదు సార్, సిరియాక్. అరమాయిక్‌లో ఒక రకం. మా సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన. కందిసా అంటే పవిత్రమైనవాడని అర్థం" అన్నాడు. "నీకు ఈ భాష వచ్చా?" అన్నాను. "మా అమ్మకే రాదు సార్. కాని కళ్ళు మూసుకుని పాడుతుంది" అన్నాడు.

ఒక్కసారి చుట్టూ చూశాను. పంజాబీవాళ్ళు, బెంగాలీవాళ్ళు, బీహారీవాళ్ళు. ఎవరికీ ఆ భాష రాదు. ఢిల్లీ వెళ్ళిన ఏడాదిలో మొదటిసారి అందరితో సమానంగా నిలబడ్డాను. అర్థం కానివాణ్ణి నేనొక్కణ్ణే కాదు. అందరం ఒకే పడవలో ఉన్నాం. అసీమ్ గొంతూ రాహుల్ గొంతూ కలిసి పైకి లేచాయి. జనం అందుకున్నారు. నేను నోరు తెరిచాను.

అలవాటుగా ముందు పెదాలే కదిలాయి. తరవాత ఎక్కడి నుంచి వచ్చిందో గాని గొంతు వచ్చింది. శ్రుతిలో ఉందో లేదో నాకు తెలియదు. ఆ స్పీకర్ల హోరులో ఎవరికీ వినబడి ఉండదు. నాకు వినబడింది, అంతే. పాట అయ్యేసరికి గొంతు బొంగురుపోయింది. మా కుర్రాడు నా ముఖం చూసి ఏమీ అడగకుండా టీ తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు వెళ్ళి 'కందిసా' కేసెట్టు, 'డెసర్ట్ రెయిన్' కేసెట్టు కొన్నాను. 'డెసర్ట్ రెయిన్' స్టూడియోలో చేసింది కాదు, 1997 జనవరి 1న ఢిల్లీలో సఫ్దర్ హష్మీ స్మారక సభలో జనం ముందు వాయించినదాన్నే రికార్డు చేశారు. వాక్‌మన్‌లో తిరగ్గా తిరగ్గా టేపు సాగిపోతే మళ్ళీ కొన్నాను. అయితే కేసెట్టు విని మాత్రమే ఉంటే నేను అభిమానిని అయ్యేవాణ్ణి కానని చెప్పగలను. కేసెట్టులో పాట వస్తుంది, పాడే మనుషులు రారు. చెమట తుడుచుకోవడం, తీగ బిగించుకోవడం, ఒకరి కోసం ఒకరు ఆగడం, ఇవన్నీ ఎదురుగా చూస్తేనే తెలుస్తాయి. సంగీతం ఆకాశం నుంచి ఊడిపడదు, మనలాంటి మనుషులే చేస్తారు అన్నది నాకు ముప్పై నాలుగో ఏట తెలిసింది.

2002 సంక్రాంతికి ఊరొచ్చాను. వాక్‌మన్ జేబులో వేసుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఈ వేదిక మీద నిజమే చెప్పాలి. కృతజ్ఞతతో వెళ్ళలేదు, కాస్త కసితో వెళ్ళాను. మాస్టారు రిటైరై వీధి అరుగు మీద మడతమంచం వేసుకుని ఉన్నారు. పేరు చెబితే గుర్తుపట్టారు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టి 'కందిసా' వినిపించాను. కళ్ళు మూసుకున్నారు. చేయి మంచం పట్టె మీద తాళం వేస్తోంది.

"ఏటిరా ఇది, ఏ భాష?" అన్నారు.

"మనకెవరికీ రాని భాషండి" అన్నాను. తరవాత, ఇరవై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నది చెప్పేశాను. పెదాలు, గొంతు, వేపచెట్టు, ఉయ్యాల, అన్నీ.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "అప్పుడు నీకెన్నేళ్ళు?" అన్నారు.

"పదమూడు, మాస్టారూ."

"అదిరా సంగతి. మగపిల్లలకి ఆ వయసులో గొంతు మారుతుంది. బొంగురుపోతుంది, పగులుతుంది. అప్పుడు పైస్థాయిలో అరిపిస్తే గొంతు పాడవుతుందని మా గురువుగారు చెప్పేవారు. అందుకే నిన్నో ఏడాది ఊరుకోమన్నాను."

"ఏడాది అని మీరు అనలేదండి."

"అనలేదా?"

"లేదండి."

ఇయర్‌ఫోన్లు తీసి మంచం మీద పెట్టారు. "మనసులో అనుకున్నాను కాబోలు. పైకి అనకపోవడం నా తప్పే. నేను ఏడాది అనుకుంటే నువ్వు ఇరవై ఏళ్ళు ఆగిపోయావురా" అన్నారు. లోపలికి వెళ్ళి హార్మోనియం తెచ్చారు. "ఏదీ, ఆ పంద్రాగస్టు పాట అను" అన్నారు. అన్నాను. విని, "శ్రుతి దిగుతోంది. రేపు రా" అన్నారు. నాకు నాలుగు రోజులు సెలవు మిగిలి ఉంది. నాలుగు రోజులూ వెళ్ళాను.

తరవాత ఢిల్లీలో ఉన్నన్నాళ్ళూ ఇండియన్ ఓషన్ కచేరీ ఎక్కడ జరిగినా వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ కచేరీ అయ్యాక అసీమ్ చక్రవర్తి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పాలనుకునేవాణ్ణి. నా హిందీ తలుచుకుని ఆగిపోయేవాణ్ణి. వచ్చేసారి చెబుదాంలే అనుకునేవాణ్ణి. 2004లో బదిలీ అయి వచ్చేశాను. 2009 డిసెంబరు 25న ఆయన పోయారు. ఢిల్లీలోని ఖజూర్ రోడ్ బంగళాలో వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేశారు. 2010లో వచ్చిన ఆల్బమ్‌కి ఆ ఇంటి నంబరుతోనే '16/330 ఖజూర్ రోడ్' అని పేరు పెట్టుకున్నారు. అందులో అసీమ్ గొంతు వింటూంటే, చెప్పని ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. మాస్టారు కూడా ఇప్పుడు లేరు. ఆయనకి చెప్పగలిగాను, అదొక్కటీ నాకు మిగిలింది. మీలో ఎవరికైనా, ఎవరికైనా చెప్పవలసిన మాట ఉంటే దయచేసి వచ్చేసారికి వాయిదా వెయ్యకండి. ఇవాళ చాలామంది గురువులు ఇక్కడే ఉన్నారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లవాణ్ణి ఆపవలసి వస్తే ఆపండి. కాని ఎందుకో, ఎన్నాళ్ళో వాడితో చెప్పండి. అంతకు మించి చెప్పగలిగినవాణ్ణి కాను.

కమిటీ వారికి ఒక మనవి. సంఘం యాభై ఏళ్ళ సందర్భంగా బడికి చేయవలసిన పనుల జాబితా చూశాను. ప్రహరీ గోడ ఉంది, మంచినీళ్ళ ప్లాంటు ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ కావలసినవే, నా వంతు నేనూ ఇస్తాను. దానికి ఇంకొక్క పద్దు చేర్చమని కోరుతున్నాను. ఏడాదికి ఒక్కసారి, ఈ మైదానంలో, పిల్లల ఎదుట పాడేవాళ్ళని, వాయించేవాళ్ళని తీసుకొద్దాం. ఒక ఏడు జముకులపాట బృందం, ఒక ఏడు సన్నాయి మేళం, ఒక ఏడు విజయనగరం సంగీత కళాశాల విద్యార్థులు. ఎప్పుడైనా వీలైతే గిటార్లు, డ్రమ్ముల బ్యాండు. పిల్లల ఫోన్లలో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయి. పది అడుగుల దూరంలో మనిషి పాడుతుంటే చూసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీరే అడిగి చూడండి. మొదటి ఏడాది ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. వెనక వరసలో వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళకి ఇప్పుడే తెలిసింది.

సాయంత్రం ముగింపు సభలో పాత విద్యార్థులమంతా కలిసి 1980 నాటి ఆ బృందగానమే పాడాలని అనుకున్నాం. నేను రెండో వరసలో, అదే చోట నిలబడతాను. శ్రుతి కాస్త దిగవచ్చు, ముందే క్షమాపణ చెబుతున్నాను. పెదాలు మాత్రమే కదపాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి నా పక్కన నిలబడండి.