పన్నెండు మంది తరగతి, నూరు శాతం లెక్క



పదవ తరగతి ఫలితాలు వెలువడిన రోజున ఊరంతా ఒకే మాట అడుగుతుంది: “మన బడికి ఎంత శాతం?” పరీక్షకు ఎందరు కూర్చున్నారని అడిగేవారు అరుదు. చిన్న పాఠశాలకు జరిగే అన్యాయమంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది.

తమిళనాడులో పదవ తరగతికి ఐదు ప్రధాన పాఠ్యాంశాలు, ఒక్కొక్కదానికి 100 మార్కులు, ఉత్తీర్ణతకు 35. నాలుగింటిలో తొంభైలు తెచ్చుకొని ఒక్కదానిలో 34 వచ్చినా ఆ విద్యార్థి తప్పినట్లే. పన్నెండుగురు వ్రాసిన తరగతిలో ఒక్కరు తప్పితే ఫలితం 91.67కు, ఇద్దరు తప్పితే 83.33కు దిగుతుంది. రెండు వందల మంది వ్రాసే పాఠశాలలో ఒక్కరు తప్పితే 99.5. అక్కడ ఇరవై నలుగురు తప్పినా ఫలితం 88 శాతంగా, మన బడిలో ఇద్దరు తప్పినదానికంటె ఘనంగా కనిపిస్తుంది. పరీక్షల వారంలో ఒక పిల్లవాడికి పచ్చకామెర్లు వస్తే చాలు, చిన్న పాఠశాల పేరు పట్టికలో కిందికి జారుతుంది. మరుసటి సంవత్సరం అందరూ ఉత్తీర్ణులైతే అదే పాఠశాలకు సన్మానం. ఈ రెండు సంవత్సరాల మధ్య బోధనలో వచ్చిన మార్పు ఏమీ ఉండకపోవచ్చు. కనుక చిన్న పాఠశాల ఫలితాన్ని ఐదేళ్ల విద్యార్థులందరినీ ఒక తరగతిగా కూర్చి చూడడమే న్యాయం. ఆ కూర్పులోనూ 2020, 2021 సంవత్సరాలను పక్కన పెట్టవలసిందే. మహమ్మారి కారణంగా ఆ రెండేళ్లు పరీక్షలు రద్దయి అందరూ ఉత్తీర్ణులైనట్లు ప్రకటించారు. ఆ నూరు శాతాన్ని గోడ మీద వ్రాసుకోవడం ఎవరికీ శోభ కాదు.

ఇక, ఈ తరగతిలో కూర్చున్నవారెవరు? 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగు మాధ్యమం బడికి బిడ్డను పంపేవారు ఎంత కొద్దిమందో ఈ సభలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. వచ్చే పిల్లలూ ఒకే తీరువారు కారు. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాల పిల్లలకు ఇంటి తెలుగు ఉంది, దానిలో తమిళమూ సరిహద్దున కన్నడమూ కలిసిపోయి ఉన్నాయి. చిత్తూరు, అనంతపురం వైపు నుండి కట్టడం పనులకు వచ్చినవారి పిల్లలు సంవత్సరం మధ్యలో చేరి, పని ముగియగానే మధ్యలోనే వెళ్లిపోతారు. హోసూరులో 1970ల నుండి పరిశ్రమలు పెరిగాక వచ్చిన కుటుంబాలలో తల్లిదండ్రులకు తెలుగు చదవడం వచ్చు గాని, బిడ్డకు ఇంగ్లీషు మాధ్యమమే కావాలన్న ఆశ బలంగా ఉంటుంది.

ఈ ముగ్గురికీ పాఠ్యపుస్తకం ఒకటే. అందులోని తెలుగు ముగ్గురి ఇంటి తెలుగూ కాదు. ‘అంగడి’ అన్న పిల్లవాడు ‘దుకాణం’ దగ్గర ఒక క్షణం ఆగుతాడు. అది చిన్న సంగతి. ‘కిరణజన్య సంయోగక్రియ’ దగ్గర ఆగితే మార్కు పోతుంది. సాయంత్రం ట్యూషన్ మాస్టారు అదే పాఠాన్ని తమిళంలో ‘ఒళిచ్చేర్కై’ అని చెబుతారు. విన్నది ఒక భాషలో, వ్రాయవలసినది మరొక భాషలో. ఈ శ్రమకు మార్కుల జాబితాలో గడి లేదు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుండి మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరవలసి ఉండింది. భాషా మైనారిటీ విద్యార్థులు న్యాయస్థానాలలో మినహాయింపు కోరుతూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక సంవత్సరానికే మినహాయింపు పొడిగించింది. ఏటేటా ఇట్లా ఎదురుచూడడం పిల్లలకు మేలు చేయదు. తమిళం ఈ పిల్లలకు పరాయిది కాదు. బస్సులోనూ సంతలోనూ అది వారి భాషే. ఒకటవ తరగతి నుండే సమర్థుడైన తమిళ ఉపాధ్యాయుడు ఉంటే పదవ తరగతిలో మినహాయింపుతో పనే ఉండదు. అడగవలసినది ఆ ఉపాధ్యాయుణ్ణి.

సంఖ్యల విషయంలో మరొకటి. తరగతిలో పదిమంది లేదా పాఠశాలలో నలభైమంది ఉంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశం చెప్పిన సూత్రం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350–ఎ అధికరణం ఆ ఆశయానికి బలమిచ్చింది. తొమ్మిదిమంది ఉన్న తరగతిలో పదవ బిడ్డ చేరితే తక్కిన తొమ్మిదిమంది హక్కు కూడా నిలుస్తుంది. ఒక తల్లి తన బిడ్డను వేరే బడికి మార్చితే తప్పుపట్టరాదు. దాని ఫలితం మాత్రం ఆ ఒక్క ఇంటితో ఆగదు.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. శాతం మీది మోజులో కొన్ని చోట్ల బలహీనుడైన విద్యార్థిని తొమ్మిదవ తరగతిలోనే ఆపివేయడం, ‘ప్రైవేటుగా వ్రాసుకో’ అని పంపివేయడం జరుగుతున్నది. విద్యాహక్కు చట్టపు రక్షణ ఎనిమిదవ తరగతితో ముగుస్తుంది. ఈ తొలగింపు సరిగ్గా ఆ మరుసటి మెట్టు మీదనే జరుగుతుంది. పన్నెండుగురిలో ఇద్దరిని తీసివేసి పదిమందితో నూరు శాతం సాధించడం కంటె, పన్నెండుగురినీ కూర్చోబెట్టి 83 తెచ్చుకున్న పాఠశాలే మంచి పాఠశాల. తప్పిన ఆ ఇద్దరికీ కొద్ది వారాలలోనే వచ్చే అనుబంధ పరీక్షకు చదువు చెప్పే దిక్కు అక్కడ ఉంటుంది.

అందుచేత ఈ డెబ్బది అయిదవ ఏట పూర్వ విద్యార్థుల నుండి పాఠశాల కోరేది జ్ఞాపికలు కావు. ఆరవ తరగతిలో ఎందరు చేరారు, వారిలో ఎందరు పదవ తరగతి పరీక్షకు కూర్చున్నారు, రెండేళ్ల తరువాత ఎక్కడ ఉన్నారు – ఈ మూడు గడులతో ఒక పుస్తకం తెరవాలి. మొదటి రెండు గడులు కార్యాలయంలోని ప్రవేశ పట్టికల నుండి నింపవచ్చు. ఈ బడి చరిత్రకు ఫొటోల కంటె ఆ పట్టికలే నమ్మదగిన సాక్ష్యం. మాతృభాష, తండ్రి వృత్తి అందులోనే ఉన్నాయి. మూడవ గడి మాత్రం మనుషులు వచ్చి చెబితేనే నిండుతుంది. గత పదేళ్లలో ఇక్కడ చదివినవారు, చదువు మధ్యలో మానినవారితో సహా, భోజనానికి ముందు కార్యాలయంలో తమ వివరాలు వ్రాయించగలరు. రాలేకపోయిన తోటివారి సంగతి తెలిసినవారు వారి పేర్లు కూడా చెప్పగలరు.