విద్యుద్ఘటముల జమాఖర్చులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను లెక్కలు వ్రాసి జీవించువాడను; శాస్త్రజ్ఞుడను కాను. ఈ గ్రంథాలయమందలి పుస్తకములే నాకు గురువులు. విద్యుద్ఘటములకును జమాఖర్చులు గలవని వానివలననే తెలిసికొంటిని. ఒకచోట లోహము ఖర్చయి విద్యుత్తు జమయగును. వేరొకచోట విద్యుత్తు ఖర్చయి లోహము జమయగును.

టార్చిలైటులో వేయు సామాన్యపు సెల్లును చూడుడు. దాని డొప్ప జింకు, నడుమ బొగ్గుకడ్డీ. జింకు కరగుచుండగా సుమారు ఒకటిన్నర వోల్టుల విద్యుత్తు లభించును. లోని ద్రవ్యములు తీరినంత దీపమారును.

దీనికి విలోమమైన పని విశాఖపట్టణమున హిందూస్థాన్ జింక్ వారి కర్మాగారమందు 1977 నుండి 2012 వఱకు జరిగినది. జింకు సల్ఫేటు ద్రావణములో సీసపు పలకలను, అల్యూమినియపు పలకలను ముంచి విద్యుత్తును పంపగా, అల్యూమినియముపై జింకు పేరుకొనెడిది.

మూడవ తెగ ఇరువైపుల నడచును. 1859లో ప్లాంటే కనుగొన్న సీసపు ఘటమట్టిది. సీసము, సీసపు ఆక్సైడు, గంధకామ్లము కలిసి రెండు వోల్టుల నిచ్చును; ఎదురు విద్యుత్తును పంపినచో మరల నిండును. 1969 నుండి 2001 వఱకు నౌకాదళమున సేవచేసి, 2002 నుండి విశాఖ సముద్రతీరమున ప్రదర్శనశాలగా నున్న కుర్సుర జలాంతర్గామి యిట్టి బ్యాటరీలతోనే నీట మునిగి నడచెడిది. డీజిలు యంత్రములు వానిని నింపెడివి.

పిలువకయే వచ్చు ఘటమొకటి గలదు. ఓడ యినుము, పంకా కంచు, వాని నడుమ ఉప్పునీరు: ఈ మూడును చేరినచో ఇనుము కరగిపోవును. అందుకే ఓడ అడుగున జింకు దిమ్మలను బిగింతురు. దధీచి తన యెముకల నొసగినట్లు, జింకు తాను కరగి యినుమును కాచును. 1824లో హంఫ్రీ డేవీ రాగితొడుగు ఓడలకు ఇట్టి యుపాయమునే సూచించెను.

ఇక మన యూరి మాట. పాత ట్రాక్టరు బ్యాటరీని పగులగొట్టి, పెరటిలో సీసము కరగించుట మహాపాయము. ఆమ్లము చర్మమును కాల్చును. సీసపు పొగయు ధూళియు పసిబిడ్డల బుద్ధిని మందగింపజేయును. నాలుగు రూకలు జమ, బిడ్డ భవిష్యత్తు ఖర్చు! 2022 నాటి నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి. కావున వానిని అమ్మిన దుకాణమునకే తిరిగి యిండు, చెఱువులో పారవేయకుడు. ఈ సంగతిని చదువురాని యిరుగుపొరుగు వారికి వినిపించుట మన చందాదారుల విధి.