కరాచీ నుండి కాండ్లా వరకు



పోయినదానికై వగవవద్దని చెప్పడం సులభం. ఏమీ పోగొట్టుకొననివాడు, సర్వం పోగొట్టుకొన్నవానికి ఆ మాట చెబితే అది హితవు కాదు, పుండుమీద కారం. అందువల్ల నేను ఉపదేశం జోలికి పోను. అన్నీ కోల్పోయిన ఒక జనసముదాయం తనంత తానుగా ఏమి చేసిందో మాత్రం విన్నవిస్తాను.

1947లో దేశ విభజన జరిగినప్పుడు పంజాబు, బెంగాలు రెండుగా చీలాయి. సింధు మాత్రం మొత్తంగా పాకిస్తానుకు పోయింది. పంజాబీ శరణార్థి సరిహద్దు దాటి కూడా పంజాబులోనే అడుగుపెట్టగలిగాడు. సింధీ హిందువుకు అటువంటి సగం మిగలలేదు. 1948 జనవరిలో కరాచీలో అల్లర్లు చెలరేగాక వలస మరింత పెరిగింది. లక్షలాదిగా ఓడలలో, రైళ్లలో తరలివచ్చారు. బొంబాయి సమీపాన కల్యాణ్ వద్ద యుద్ధకాలపు సైనిక శిబిరాలలో తలదాచుకొన్నవారు ఎందరో. ఆ శిబిరాలే 1949లో ఉల్హాస్‌నగర్ అయ్యాయి.

సింధులోని హైదరాబాదుకు చెందిన వర్తకుడు భాయీ ప్రతాప్ దియాల్‌దాస్ మరొక మార్గం ఆలోచించాడు. (మన హైదరాబాదు కాదు సుమా!) సింధుకు పొరుగున ఉన్నది కచ్. అక్కడి కచ్ఛీ, సింధీ దగ్గరి చుట్టాలైన భాషలు. గాంధీజీ ప్రోత్సాహంతో కచ్ మహారావు కాండ్లా సమీపాన 15,000 ఎకరాలు ఇచ్చారు. 1948లో సింధు పునరావాస సంస్థ ఏర్పడింది. అది ధర్మసత్రం కాదు, వాటాల కంపెనీ. వాటాలు కొన్నవారికి ఇళ్ల స్థలాలు ఇచ్చే ఏర్పాటు. ఉప్పు నేల, ముళ్ల పొదలు తప్ప మరేమీ లేనిచోట, ఇంకా పుట్టని పట్టణంలో, మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో వాటా కొనడం సామాన్యమా? భవిష్యత్తుపై విశ్వాసం అంటే నాకు మొదట స్ఫురించేది ఆ వాటా కాగితమే.

అదే సంవత్సరం గాంధీజీ హత్యకు గురయ్యారు. ఆయన చితాభస్మంలో కొంతభాగం కాండ్లా జలాలలో నిమజ్జనమైంది. ఆదిపూర్‌లో సమాధి వెలసింది. పట్టణానికి గాంధీధామ్ అన్న పేరు స్థిరపడింది.

వారి నష్టం దేశానిది కూడా. కరాచీ పోవడంతో వాయవ్య భారతానికి సముద్రద్వారం మూసుకుపోయింది. భారమంతా బొంబాయిపై పడింది. అందుకే కాండ్లా. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1955లో అది ప్రధాన రేవుగా ప్రకటితమైంది. 2017 నుండి దాని పేరు దీనదయాళ్ రేవు. 1998 జూన్ తుపాను, 2001 జనవరి 26 భూకంపం ఆ ప్రాంతాన్ని కుదిపివేశాయి. ఆ తరువాతా రేవు నడిచింది, ఊరు నిలిచింది.

అయితే వారు సింధును మరచిపోయారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సొంత రాష్ట్రం లేని తమ భాషకు 1967లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో స్థానం సాధించుకొన్నారు. జాతీయగీతం నుండి సింధు పేరు తొలగించాలన్న అభ్యర్థనను 2005లో సుప్రీంకోర్టు తిరస్కరించింది.

మీలో కొందరు సికింద్రాబాదులోని సింధీ కాలనీ మీదుగా నడిచి ఉంటారు. సాధారణంగా మన ఉగాది మరునాడు వారికి చేటీచంద్, కొత్త సంవత్సరం. సింధు నది కనుచూపు మేరలో లేని ఊళ్లలో కూడా ఆనాడు వారు తమ జలదేవత ఝూలేలాల్‌ను ఊరేగించి, దీపాలను దగ్గరలోని నీటి ఒడ్డుకు తీసుకుపోతారు.