బ్లాక్ బటన్ లేని రెండేళ్లు

ఈ ఎపిసోడ్‌లో ఒకప్పుడు మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకున్న ఇద్దరు కుర్రాళ్ల గురించి చెప్తాను. చివర్లో మీకో చిన్న పని కూడా ఉంది.

మాది సికింద్రాబాద్, సీతాఫల్‌మండి. 2017లో నేను డిగ్రీ ఫస్టియర్. ఎండాకాలంలో ఒకరోజు ఇద్దరు ఇల్లు చూడ్డానికి వచ్చారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల నేమ్ ట్యాగ్. ఒకతనిది అమెరికాలో యూటా, ఇంకొకతనిది వైజాగ్. ఇద్దరికీ ఇరవై లోపే. కానీ ఇద్దర్నీ ‘ఎల్డర్’ అని పిలవాలట. ఎల్డర్ అంటే పెద్ద. మీసాలు కూడా సరిగ్గా రాని పెద్దలు!

వీళ్లని మామూలుగా మోర్మన్లు అంటారు. సంఘం అసలు పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టారు. మనకేం సంబంధం అనుకోకండి. 1978లో ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు సమోవా దీవుల నుంచి మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. ముందు సొంత బంధువులకే చెప్పారు. ఇండియాలో వీళ్ల మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

ఇక రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున 6:30కి లేవాలి. రాత్రి 10:30కి లైట్ ఆఫ్. సినిమాల్లేవు, గర్ల్‌ఫ్రెండ్ లేదు, జీతం లేదు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. ఏ ఊరు వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు. వారంలో ఒక్క రోజు బట్టలు ఉతుక్కోడానికి, సరుకులు తెచ్చుకోడానికి, ఇంటికి మెయిల్ రాయడానికి.

మొదటి రోజే గొడవైంది. అమ్మ చాయ్ తీసుకెళ్తే ఇద్దరూ వద్దన్నారు. మన దగ్గర చాయ్ వద్దంటే మనిషినే వద్దన్నట్టు కదా! “మన చేతి చాయ్ కూడా పనికిరాదా?” అని అమ్మకి కోపం. సాయంత్రం వాళ్లిద్దరూ కిందకి దిగొచ్చారు. “ఆంటీ, మాకు నియమం. టీ, కాఫీ, మందు, సిగరెట్ ఏవీ ముట్టం. మీరు మజ్జిగ ఇస్తే తాగుతాం” అన్నాడు వైజాగ్ అన్న. యూటా అబ్బాయి రెండు గ్లాసులు తాగి మూడోది అడిగాడు. అంతే, అమ్మ ఫ్లాట్. ఒకసారి వాళ్ల పుస్తకం ఇవ్వబోతే “మాది పూజగది ఉన్న ఇల్లు బాబూ” అని నవ్వింది. వాళ్లూ నవ్వేశారు.

కానీ అన్నిటికంటే కష్టమైన రూల్ వేరే ఉంది. మిషనరీ ఒంటరిగా తిరగకూడదు. ఎప్పుడూ పక్కన ఒక ‘కంపానియన్’ ఉండాలి. ఆ కంపానియన్ ఎవరో కూడా పైవాళ్లే చెప్తారు. నచ్చినా, నచ్చకపోయినా.

వీళ్లిద్దరికీ పడేది కాదు. ఎవరైనా తెలుగులో ఏదైనా అడిగితే వైజాగ్ అన్నే టకటకా చెప్పేసేవాడు. “నన్ను అసలు మాట్లాడనివ్వడు” అని యూటా అబ్బాయి బాధ. “అతను రెండు మాటలు కూడబలుక్కునేలోపు ఎదుటివాళ్లు వెళ్లిపోతున్నారు” అని అన్న బాధ. వారం రోజులు ముఖముఖాలు చూసుకోలేదు. అయినా ఒకే గది, ఒకే ఆటో.

అప్పట్లో ఇంటికి ఫోన్ మామూలుగా ఏడాదికి రెండుసార్లే. క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. వారానికోసారి ఫోన్, వీడియో కాల్ చేసుకోవచ్చని రూల్ మారింది 2019 ఫిబ్రవరిలో. అలాంటి రోజుల్లో ఒక రాత్రి యూటా అబ్బాయికి వాళ్ల పెద్దాయన ఫోన్ చేసి, మీ తాతగారు పోయారని చెప్పారు.

అతను వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఏడవట్లేదు, కదలట్లేదు. అమ్మకి ఏం చేయాలో తెలీక వేడి పాలు తెచ్చి పక్కన పెట్టింది. కాసేపటికి వైజాగ్ అన్న వచ్చి ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “మీ తాత గురించి చెప్పు. తెలుగులో చెప్పు” అన్నాడు.

“తాత... నాకు... ట్రాక్టర్...” అని ఆగిపోయాడు. మాట దొరకట్లేదు. నాకే నోటి దాకా వచ్చింది, అందిద్దామని. అన్న చేత్తో ఆగమన్నాడు. ఆగాడు. అలా ఎంతసేపు ఆగాడో! “...నేర్పాడు. తాత నాకు ట్రాక్టర్ నేర్పాడు” అన్నాడు యూటా అబ్బాయి. అప్పుడు ఏడ్చాడు.

ఇంటికి వెళ్లకుండా ఉండిపోయాడు. కొన్ని వారాలకి అన్నకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వెళ్లేరోజు గేటు దగ్గర ఇద్దరూ తెలుగులోనే వాదించుకుంటున్నారు, బ్యాగ్ ఎవరు మోయాలని.

ఇది మతం గురించి చెప్పట్లేదు ఫ్రెండ్స్. వాళ్ల మతం నేను తీసుకోలేదు. కానీ మనకి ఎవరైనా నచ్చకపోతే ఏం చేస్తాం? మ్యూట్. బ్లాక్. గ్రూప్ లెఫ్ట్. వేధించేవాళ్లని బ్లాక్ చేయాల్సిందే, అందులో డౌట్ లేదు. కానీ మనం వదిలేసినవాళ్లంతా అలాంటివాళ్లేనా? వాళ్లిద్దరికీ ఆ బటన్ ఉండుంటే, ఆ రాత్రి ఆ మెట్టు మీద అతను ఒక్కడే కూర్చునేవాడు.

ఇదే మీకు పని. మీరు మ్యూట్‌లో పెట్టినవాళ్లలో ఒక్కరికి ఇవాళ ఫోన్ చేయండి. వాళ్లు మాట కోసం వెతుక్కుంటుంటే, మీరు అందించకండి. కాస్త ఆగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.