క్లాసులో ఎంతమంది?

పన్నెండో తరగతి ఫలితాలొచ్చాయంటే కువైట్‌లోని మన తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లల్ని ఇండియా పంపడమా, ఇక్కడే చేర్చడమా?

కువైట్ విశ్వవిద్యాలయం 1966లో మొదలైనప్పుడు విద్యార్థులు 418 మంది, అధ్యాపకులు 31 మంది. ఒక్కొక్కరికి పద్నాలుగు మంది లోపే! పేరు పెట్టి పిలిచి చెప్పగలిగిన చదువది. తర్వాత ఖాల్దియా, షువైఖ్, కైఫాన్ అంటూ నగరమంతా విస్తరించింది. ఇప్పుడు షదాదియాలో పెద్ద విద్యానగరమే వెలసింది. సాల్మియాలోని అమెరికన్ యూనివర్సిటీ తీరు వేరు. దుకాణాలు, అపార్ట్‌మెంట్ల మధ్య ఇమిడిన చిన్న ప్రాంగణం, ఇంగ్లీషులో బోధన.

భవనాల అందం చూసి మురిసిపోకండి. మొదటి ఏడాది కాల్‌క్యులస్‌లో ఒక మెట్టు అర్థంకాక, చివరి బెంచీలో నోట్సు మూసేసిన పిల్లాణ్ణి తలచుకోండి. రెండొందల మంది ఉన్న హాల్లో వాడి ముఖం ఎవరికి కనబడుతుంది? నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

అందుకే ఫీజు కట్టేముందు ఒకరోజు పిల్లలతో కలిసి క్యాంపస్‌కు వెళ్లండి. సెక్షన్‌కు ఎంతమంది, సలహాదారు ఎవరు, వెనకబడితే విడిగా చెప్పేవారున్నారా అని అడగండి. అక్కడ చదువుతున్న పిల్లల్నీ అడగండి.