పేరు పెట్టే ముందు ఏడాది చూద్దాం

 

మన పెరట్లో, పోడు గట్టున, అడవి దారిలో కనిపించే పేరు తెలియని మొక్కల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం. ఇప్పుడు తెలియని మొక్క కనబడితే వెంటనే ఫోన్ తీసి ఫొటో కొడుతున్నాం. ఫోన్ ఏదో ఒక పేరు చూపిస్తుంది. మంచిదే, వెతకడానికి అదొక దారి. కానీ అది అంచనా మాత్రమే. ఒక్క ఆకు ఫొటోకు వచ్చిన పేరు నమ్మి మొక్కను నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మనందరికీ తెలిసిన తిప్పతీగనే చూడండి. కరోనా రోజుల్లో దేశమంతా దాని కషాయం తాగింది. అది తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు రాశారు. తిప్పతీగను పోలిన వేరే తీగలున్నాయి, వాటితో పొరబడవద్దని కేంద్ర ఆయుష్ శాఖ చెప్పింది. అలాంటి తీగ ఒకటి టినోస్పోరా క్రిస్పా. రెండింటి ఆకూ తమలపాకులాగే ఉంటుంది. తేడా కాండంలో ఉంది. క్రిస్పా తీగ నిండా బొడిపెలు, తుంచితే పాలలాంటి రసం. తిప్పతీగకు అలాంటి బొడిపెలూ పాలూ ఉండవు. దాని పండ్లు ఎర్రగా, గుండ్రంగా గుత్తులు కాస్తాయి. ఆకు ఒక్కటే చూసినవాళ్ళకు ఇదేమీ తెలియదు.

దుంపల విషయం ఇంకా పెద్దది. మనం అడవి దుంపలు తవ్వేది తీగ ఎండిపోయాక. అదే అడవిలో అడవి నాభి కూడా ఉంటుంది. వానాకాలంలో దాన్ని గుర్తుపట్టడం తేలిక. ఆకు కొస నులిపురుగులా చుట్టుకుని పక్క కొమ్మను పట్టుకుంటుంది, పువ్వు ఎరుపు పసుపు కలిసి మంటలా పైకి లేస్తుంది. వాన వెళ్ళాక అదీ ఎండిపోతుంది, నేలలో దుంప మాత్రం మిగులుతుంది. ఆ దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంది, మనిషిని చంపగలదు. అందుకే పచ్చగా ఉన్నప్పుడే తీగను చూసి పెట్టుకోవాలి, తవ్వేటప్పుడు ఆ చోటు గుర్తుండాలి. తినే దుంపల్లోనూ కొన్నింటిని ముక్కలు కోసి, పారే నీళ్ళలో ఉంచి, ఉడికించాకే తినాలి. ఏది ఎలా వండాలో అమ్మమ్మలకు తెలుసు.

మొక్కను ఒక చూపులో కాదు, ఏడాదిలో తెలుసుకోవాలి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? కాండం గుండ్రమా, నాలుగు పలకలా? తుంచితే పాలు వస్తాయా? పువ్వు ఏ నెలలో, కాయ ఎలా? నీడలో పెరుగుతుందా, ఎండలోనా? ఇవన్నీ రాసుకోండి. ఫొటో తీస్తే ఆకు ముందు, వెనుక, కాండం, పువ్వు, కాయ, మొత్తం మొక్క అన్నీ తీయండి. తెలియని మొక్కను రుచి చూడవద్దు, చేత్తో నలపవద్దు. దూలగొండి కాయ నూగు తగిలితే ఏమవుతుందో మీకు చెప్పాలా? పెరట్లో మొలిచే వయ్యారిభామ కూడా చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పిస్తుంది.

ఈ తెలివికి విలువ ఎంతో చెప్పే సంగతి ఒకటి ఉంది. 1987లో కేరళ అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి ఆదివాసులు ఒక చిన్న కాయ తింటూ అలసట లేకుండా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. మొదట చెప్పడానికి వెనుకాడారు, తర్వాత చూపించారు. దాని నుంచి జీవని అనే మందు వచ్చింది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి ప్రజలకు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. మొక్క అడవిలో అందరికీ కనబడేదే. దాన్ని గుర్తుపట్టిన కన్ను మాత్రం కాణి వాళ్ళది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా, అందులో మన మొక్కలు మన భాష పేర్లతో ఉన్నాయా అని వెళ్ళి అడగండి. లేకపోతే రాయించే పని చదువుకున్న మీదే.

అయితే ఒక మాట. పసరు మందు ఇచ్చే పెద్దలు చెప్పవద్దన్నది రాయకండి, ఫోన్లో పెట్టకండి. అది వాళ్ళ ఇష్టం, మన కట్టుబాటు.

మీలో ఒక్కొక్కరు ఒక్క మొక్కను ఎంచుకోండి. మీ ఊరి పెద్దమ్మనో తాతనో వెంటబెట్టుకుని మూడు కాలాలూ దాని దగ్గరికి వెళ్ళండి. మన భాషలో దాని పేరు, దాని గుర్తులు, దాని జాగ్రత్తలు నోటు పుస్తకంలో రాయండి. ఏడాది తర్వాత ఆ పుస్తకాలు సంఘం దగ్గరికి తీసుకురండి, అందరం కలిసి చదువుదాం. పెద్దలు ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.